అడ్డుకున్న చోటే మళ్లీ ఆడారు

*హక్కుల కోసం వీధినే వేదిక చేసుకున్న ఒక నాటక బృందం కథ. దాని చిరునామా కరోల్ బాగ్‌కు మెట్రోలో మూడో స్టేషన్. దాని చుట్టరికం మన ప్రజా నాట్యమండలి దాకా.*

1989 జనవరి 4. ఢిల్లీ పొలిమేర దాటగానే తగిలే సాహిబాబాద్ పారిశ్రామికవాడలో ఝండాపూర్ అనే కార్మికుల బస్తీ. చలికి దుప్పట్లు కప్పుకుని వచ్చిన జనం మధ్యలో కాస్త జాగా వదిలి చుట్టూ నిలబడ్డారు. ఆ జాగాలోకి మలయశ్రీ హష్మీ నడిచి వచ్చారు. రెండు రోజుల కిందట ఆమె భర్త సఫ్దర్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. అంతిమయాత్ర జరిగి ఒక్క రోజే అయింది. జనవరి 1న ఇదే చోట సగంలో ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేయడానికి ఆమె తన బృందంతో తిరిగి వచ్చారు.

నాటకం మొదలైంది. ఆపడానికి ఎవరూ రాలేదు. చివరి మాట దాకా ఆడి, బృందం వెనుదిరిగింది.

దేశంలో పౌరహక్కుల గురించి బోలెడు పుస్తకాలున్నాయి, తీర్పులున్నాయి. భావప్రకటన స్వేచ్ఛ అంటే ఏమిటో పదిహేను నిమిషాల్లో చెప్పమంటే మాత్రం, ఆ రోజు ఝండాపూర్‌లో జరిగిందే చెప్పాలి.

ఆ ఆదివారం ఏం జరిగింది?

జనవరి 1 ఆదివారం. ఘజియాబాద్‌లో పురపాలక ఎన్నికల వేడి. సీఐటీయూ మద్దతుతో పోటీ చేస్తున్న రామానంద్ ఝా తరఫున సఫ్దర్, మలయశ్రీల జన నాట్య మంచ్ బృందం ఝండాపూర్‌లో ‘హల్లా బోల్’ ఆడుతోంది. అంతకు కొద్ది వారాల ముందు, 1988 నవంబరులో, ఢిల్లీ ప్రాంత పారిశ్రామిక కార్మికులు ఏడు రోజుల సమ్మె చేశారు. కనీస వేతనం నెలకు 1,050 రూపాయలు చేయాలన్నది వారి ప్రధాన డిమాండు. ఆ సమ్మెకు ముందు బృందం ‘చక్కా జామ్’ అనే నాటకం ఆడింది. దాన్నే సమ్మె తర్వాత మార్చి రాస్తే ‘హల్లా బోల్’ అయింది.

నాటకం నడుస్తుండగా ప్రత్యర్థి అభ్యర్థి ఊరేగింపు వచ్చింది. దారి ఇమ్మన్నారు. నాటకం అయ్యేదాకా కాసేపు ఆగండి, లేదంటే పక్క దారిన వెళ్లండి అని సఫ్దర్ మర్యాదగానే చెప్పాడు. జవాబుగా ఇనుప రాడ్లు లేచాయి, తుపాకులు పేలాయి. నేపాల్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన రామ్ బహదూర్ అనే కార్మికుడు అక్కడే ప్రాణం విడిచాడు. నటులు దగ్గర్లోని యూనియన్ కార్యాలయంలోకి పరుగెత్తారు. తోటివాళ్లను తప్పించే ప్రయత్నంలో సఫ్దర్ దొరికిపోయాడు. తల మీద కొట్టారు. మరునాడు రాత్రి ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో అతను చనిపోయాడు. అప్పటికి వయసు 34 ఏళ్లు.

కోర్టు తీర్పు రావడానికి మాత్రం 14 ఏళ్లు పట్టింది. 2003 నవంబరులో ఘజియాబాద్ న్యాయస్థానం పది మందిని దోషులుగా తేల్చింది.

సఫ్దర్ పేరు దేశమంతా తెలిసింది. రామ్ బహదూర్ పేరు అంతగా తెలియదు. ఆ రోజు అతను నాటకం చూడటానికి వచ్చిన ప్రేక్షకుడు. వీధి నాటకంలో ఆడేవాళ్లతో పాటు చూసేవాళ్లూ ప్రమాదంలో భాగం పంచుకుంటారని తన ప్రాణంతో చెప్పిన మనిషి. ఝండాపూర్‌లో ఏటా జనవరి 1న జరిగే స్మారక సభలో ఇద్దరినీ కలిపే తలచుకుంటారు.

కరోల్ బాగ్ నుంచి మూడో స్టేషన్

తెలుగు ఇళ్లలో కరోల్ బాగ్ అంటే సివిల్స్ కోచింగ్. డిగ్రీ పట్టా చేతికి రాగానే పెట్టె సర్దుకుని రైలెక్కే పిల్లలు అక్కడి ఓల్డ్ రాజేందర్ నగర్ సందుల్లో, అద్దె గదుల్లో, లైబ్రరీ కుర్చీల్లో ఏళ్లకేళ్లు గడుపుతారు. రాజ్యాంగంలోని 19వ అధికరణం వాళ్లకు కంఠతా వచ్చు. భావప్రకటన, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడటం, సంఘం పెట్టుకోవడం అన్నీ వరసగా చెబుతారు. 2024 జూలై 27న ఆ రాజేందర్ నగర్‌లోనే ఒక కోచింగ్ కేంద్రం నేలమాళిగలోకి వాన నీరు పోటెత్తి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. అప్పుడు వేరే దారి లేక వందల మంది విద్యార్థులు రోడ్డు మీద కూర్చున్నారు. పుస్తకంలో చదివిన అధికరణం వీధిలో ఎలా ఉంటుందో వాళ్లకు అప్పుడు తెలిసింది. నిరసనకు చోటు ఎక్కడ, అనుమతి ఎవరివ్వాలి, ఎంతసేపు కూర్చోవచ్చు అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

అదే కరోల్ బాగ్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే రాజేంద్ర ప్లేస్, పటేల్ నగర్, ఆ తర్వాత షాదీపూర్. అక్కడ దిగి షాదీ ఖాంపూర్ అనే పాత ఊరి సందుల్లోకి వెళితే స్టూడియో సఫ్దర్ కనిపిస్తుంది. ఢిల్లీ నగరం చుట్టూ పెరిగిపోయి తనలో కలిపేసుకున్న పల్లెల్లో షాదీ ఖాంపూర్ ఒకటి. 2012 ఏప్రిల్ 12న, సఫ్దర్ పుట్టినరోజు నాడు, ఈ నాటకశాల తెరుచుకుంది. చందాలు పోగుచేసి, తెలిసినవాళ్ల శ్రమతో కట్టుకున్నది. పక్కనే మే డే పేరుతో పుస్తకాల దుకాణం, అందులో పాత పుస్తకాలు, టీ.

చోటు ఎంపిక గమనించాలి. ఢిల్లీలో నాటకమంటే మండీ హౌస్. జాతీయ నాటక పాఠశాల, శ్రీరామ్ సెంటర్, కమానీ ఆడిటోరియం అన్నీ అక్కడే. జన నాట్య మంచ్ మాత్రం పనివాళ్లు అద్దెకుండే బస్తీలో ఇల్లు కట్టుకుంది. తమ ప్రేక్షకులు ఎక్కడుంటే తామూ అక్కడే ఉండాలన్నది వాళ్ల పట్టుదల. ఈ ఎంపికే వాళ్ల పనికి సగం బలమని నా నమ్మకం.

సైకిల్ స్టాండు, టీ దుకాణం, ఆరు శవాలు

జన నాట్య మంచ్ పుట్టింది 1973లో. మొదట్లో పెద్ద నాటకాలే ఆడేవారు. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది, నాటకాలు ఆగాయి. 1977 తర్వాత మళ్లీ మొదలుపెడదామంటే కార్మిక సంఘాల దగ్గర చిల్లిగవ్వ లేదు. వేదిక, లైట్లు, మైకులు పెట్టి పెద్ద నాటకం ఆడించే శక్తి ఎవరికీ లేదు. పెద్ద నాటకం జనం దగ్గరికి పోలేకపోతే చిన్న నాటకం పోవాలి కదా అన్న ఆలోచన అలా పుట్టింది. అంటే వీధి నాటకం వాళ్లకు సిద్ధాంత గ్రంథాల నుంచి కాక, ఖాళీ జేబు నుంచి వచ్చింది.

1978లో తయారైన మొదటి వీధి నాటకం పేరు ‘మెషీన్’. నిడివి పదమూడు నిమిషాలు. ఘజియాబాద్ దగ్గర హెరిగ్ ఇండియా అనే ఫ్యాక్టరీలో కార్మికులు రెండే అడిగారు: సైకిళ్లు పెట్టుకోవడానికి చోటు, టీ తాగడానికి క్యాంటీను. యాజమాన్యం ఒప్పుకోలేదు. గొడవ ముదిరింది. కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు.

దీన్ని సఫ్దర్, రాకేశ్ సక్సేనా ఎలా నాటకం చేశారో చూడండి. సెట్టు లేదు. నటులు వచ్చి ఒకరి పక్కన ఒకరు నిలబడి చేతులు, మోకాళ్లు, నడుములు లయగా కదుపుతూ నోటితో చప్పుడు చేస్తారు. అదే యంత్రం. అందులో కార్మికుడూ ఒక భాగమే, యజమానీ భాగమే, కాపలాదారూ భాగమే. ఉన్నట్టుండి యంత్రం ఆగిపోతుంది. ఎందుకు ఆగింది? ఒక్కో భాగం బయటికి వచ్చి తన మాట తాను చెబుతుంది. సైకిల్ స్టాండు అడగటం దగ్గర మొదలైన కథ కాల్పుల దగ్గరికి చేరేసరికి, రోజూ అదే యంత్రం ముందు నిలబడే మనిషికి ఎవరూ వివరించాల్సిన పని ఉండదు.

1978 నవంబరులో తల్కటోరా స్టేడియంలో దాదాపు ఏడు వేల మంది కార్మిక ప్రతినిధుల ముందు దాన్ని ఆడారు. చూసినవాళ్లు సంభాషణలు టేపుల్లో ఎక్కించుకుని తమ తమ రాష్ట్రాలకు తీసుకెళ్లి, తమ భాషల్లో ఆడుకున్నారు.

వేగం వీధి నాటకానికి మరో బలం. 1979లో ఢిల్లీలో బస్సు చార్జీలు పెంచితే, కొన్ని గంటల్లోనే నాటకం రాసి బస్టాపుల దగ్గర ఆడేశారు. పెరిగిన చార్జీ కట్టి దిగిన మనిషికి అక్కడే ఆ చార్జీ మీద నాటకం. ఆ వేడి వారం తర్వాత ఉండదు.

---
బాక్స్: సఫ్దర్ హష్మీ

■ పుట్టింది 1954 ఏప్రిల్ 12. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఇంగ్లిషు సాహిత్యం చదివాడు.

■ కొంతకాలం అధ్యాపకుడు, పాత్రికేయుడు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సమాచార అధికారిగా ఢిల్లీలో పనిచేసి, ఉద్యోగం వదిలి పూర్తికాలం నాటకానికే అంకితమయ్యాడు.

■ ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా 1988లో వచ్చిన ‘మోటేరామ్ కా సత్యాగ్రహ్’కు హబీబ్ తన్వీర్‌తో కలిసి పనిచేశాడు.

■ అతను బతికుండగా బృందం 24 వీధి నాటకాలను దాదాపు నాలుగు వేల సార్లు ఆడింది.

■ 1989 నుంచి ఏప్రిల్ 12ను జాతీయ వీధి నాటక దినంగా జరుపుతున్నారు. అతని స్మృతిలో ‘సహమత్’ సంస్థ కూడా ఆ ఏడాదే ఏర్పడింది.

---

ఇంట్లో మాట బజారులో

1979లో ఉత్తర భారత శ్రామిక మహిళల సదస్సు కోసం ‘ఔరత్’ తయారైంది. ఇరాన్ విప్లవకారిణి, ఉపాధ్యాయురాలు మర్జియే అహ్మదీ ఓస్కూయీ కవితతో అది మొదలవుతుంది. ఆ తర్వాత ఇంట్లో, కళాశాలలో, ఫ్యాక్టరీలో ఆడమనిషి ఎదుర్కొనే సంగతులన్నీ నడివీధిలోకి వస్తాయి. మలయశ్రీ ఏళ్ల తరబడి ఆడిన నాటకం అది.

అదే కాలంలో ఢిల్లీలో కొత్త కోడళ్లు కిరోసిన్ మంటల్లో కాలిపోతున్నారు. స్టవ్ పేలిందని ఇంటివాళ్లు చెబితే పోలీసులు అదే రాసుకునేవారు. అప్పుడు మహిళా సంఘాలు ‘ఓం స్వాహా’ అనే వీధి నాటకాన్ని కాలనీల్లోకి తీసుకెళ్లాయి. అనురాధా కపూర్, మాయా రావు వంటి రంగస్థల కళాకారిణులకు ఆ పనిలో భాగం ఉంది. గుమ్మాల దగ్గర, బాల్కనీల్లో నిలబడి చూస్తున్న అత్తలు, కోడళ్లు ఒకే సమయంలో ఒకే నాటకాన్ని చూశారు. ఆ రోజుల్లో టీవీలో గానీ, సినిమాలో గానీ జరగని పని అది. 1983లో 498ఎ సెక్షన్, 1986లో వరకట్న మరణాలపై 304బి వచ్చాయి. చట్టాలు నాటకాల వల్ల వచ్చాయని అనలేం. వాటి వెనుక ఏళ్ల ఉద్యమం ఉంది. కానీ ‘అది వాళ్లింటి గొడవ’ అని కిటికీ మూసుకునే అలవాటును ఆ నాటకాలు కదిలించాయి.

2012 డిసెంబరు 16 అత్యాచార ఘటన తర్వాత అరవింద్ గౌర్ నడిపే అస్మితా బృందం ‘దస్తక్’తో మళ్లీ అదే దారిన ఢిల్లీ వీధుల్లోకి వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా విషయం పాతబడలేదన్నదే బాధ.

మన ఇంటి చరిత్ర

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కాదు. ఢిల్లీ యువకులు బృందం పెట్టుకోవడానికి ముప్పై ఏళ్ల ముందే, 1943లో, డాక్టర్ గరికపాటి రాజారావు ప్రజా నాట్యమండలిని నడిపించారు. బుర్రకథ, వీధి భాగవతం, కోలాటం లాంటి పల్లె రూపాలన్నీ తీసుకుని వాటిలో కరవు, కౌలు, వెట్టి గురించి చెప్పారు. నాజర్ బుర్రకథ చెబితే రాత్రంతా కదలకుండా కూర్చున్న ఊళ్లున్నాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన ‘మా భూమి’ నిజాం పాలనలోని తెలంగాణ రైతుల పోరును ఆంధ్ర పల్లెల్లోకి తెచ్చింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వరి పొలం గట్టున ఆడే నాటకానికి ఒక ప్రభుత్వం భయపడిందంటే దాని శక్తి ఎంతటిదో ఊహించుకోవచ్చు.

1972 నుంచి జన నాట్యమండలి గొంగడి, గజ్జె, డప్పుతో మరో దారి పట్టింది. ఆ దారి రాజకీయాలతో ఏకీభవించని వాళ్లు కూడా గద్దర్ వలయం కట్టి నిలబడితే వేలమంది ఎలా కదిలేవారో మరిచిపోలేరు. ఆయన మీద 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాయి. వెన్నులో ఒక తూటాతోనే 2023 ఆగస్టు 6 దాకా బతికారు. రాజకీయాలు వేరు కావచ్చు. సఫ్దర్ మీదికి రాడ్డు ఎత్తిన చెయ్యికీ, గద్దర్ మీద తూటా పేల్చిన చెయ్యికీ భయం ఒక్కటే.

ఆడితే అడుక్కున్నట్టేనా?

షాదీపూర్ డిపో పక్కన కఠ్‌పుత్లీ కాలనీ ఉండేది. రాజస్థాన్ నుంచి వచ్చిన కొయ్యబొమ్మల కళాకారులు, గారడీవాళ్లు, తాడు మీద నడిచేవాళ్లు దశాబ్దాలుగా అక్కడ గుడిసెలు వేసుకుని బతికారు. విదేశాల్లో భారత ఉత్సవాలంటే ప్రభుత్వమే వాళ్లను విమానాలెక్కించి తీసుకెళ్లేది. తిరిగొచ్చాక ఢిల్లీ వీధిలో ఆడితే మాత్రం పోలీసు తరిమేవాడు.

కారణం చట్టం. 1959 నాటి బొంబాయి బిచ్చగాళ్ల నిరోధక చట్టాన్ని ఢిల్లీకి కూడా వర్తింపజేశారు. పాడటం, నాట్యం చేయడం, జోస్యం చెప్పడం, ప్రదర్శన ఇవ్వడం లాంటి సాకులతో డబ్బు తీసుకున్నా అది భిక్షాటనే అని అందులో ఉంది. మొదటిసారి దొరికితే ఏడాది నుంచి మూడేళ్లు నిర్బంధ గృహం. మళ్లీ మళ్లీ దొరికితే పదేళ్ల దాకా. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు ఆ చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను ఢిల్లీ మేరకు కొట్టేసింది. దానికి కొన్ని నెలల ముందే, 2017 అక్టోబరులో, కాలనీ మీదికి బుల్డోజర్లు వచ్చాయి. అక్కడే బహుళ అంతస్తుల్లో ఇళ్లు ఇస్తామన్న ఒప్పందం మీద కొన్ని కుటుంబాలు కరోల్ బాగ్‌ను ఆనుకుని ఉన్న ఆనంద్ పర్బత్ తాత్కాలిక శిబిరానికి, కొన్ని నగరం చివర ఉన్న నరేలాకు చేరాయి.

నాటకం హక్కులకు గొంతునిస్తుంది అంటాం. నాటకం ఆడేవాడికే వీధి మీద హక్కు లేనప్పుడు ఆ గొంతు ఎక్కడ నిలబడాలి? వీధి నాటకాన్ని ప్రచార సాధనంగా మాత్రమే చూసేవారు మరిచిపోయే సంగతి ఇదే. కూడలిలో నలుగురు నిలబడి ఒక ప్రశ్న అడగడం, నలభై మంది ఆగి వినడం, ఇవే పౌరహక్కు. నాటకంలో విషయం ఏదైనా కావచ్చు.

---
బాక్స్: నాటకం మీద చట్టాలు

■ 1876: బ్రిటిష్ ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. రాజద్రోహం, అపకీర్తి, అశ్లీలం పేరుతో ఏ ప్రదర్శననైనా ఆపవచ్చు.

■ 1956: ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని అలహాబాద్ హైకోర్టు చెప్పింది.

■ 2018: కాలం చెల్లిన చట్టాల రద్దులో భాగంగా కేంద్రం దాన్ని తొలగించింది. అంటే స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఏడు దశాబ్దాలు పుస్తకాల్లోనే ఉంది.

■ ఇప్పటికీ బహిరంగ ప్రదర్శనలకు పోలీసు అనుమతుల బెడద ఉంది. నిషేధాజ్ఞలుంటే గుంపు చేరడమే నేరం.

---

ఎక్కడైనా ఇదే దారి

అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల పోరు ఉధృతంగా ఉన్న 1963లో, మిసిసిపీలోని టూగలూ కళాశాల కేంద్రంగా జాన్ ఓ'నీల్, డోరిస్ డెర్బీ, గిల్బర్ట్ మోజెస్ ‘ఫ్రీ సదరన్ థియేటర్’ పెట్టారు. ఓటు కోసం వెళితే దెబ్బలు తినే పల్లెల్లో చర్చిల్లో, ఆరుబయట ఆడారు. వాళ్లు ఎంచుకున్న నాటకాల్లో శామ్యూల్ బెకెట్ ‘వెయిటింగ్ ఫర్ గోడో’ ఒకటి. పట్నం మేధావులకు తలకెక్కని నాటకమని పేరు. తరాలుగా ఎదురుచూపులే బతుకైన పత్తి కూలీలకు మాత్రం అందులో దూరమైనదేమీ కనిపించలేదు. 1965లో కాలిఫోర్నియాలో ద్రాక్ష తోటల కూలీల సమ్మెలో లూయిస్ వాల్డెజ్ లారీల మీదే నాటకాలు ఆడించాడు. నటులు ఆ కూలీలే.

వలయం చెదిరితే

ఇప్పుడు వీధి నాటకానికి కొరత లేదు. కళాశాలల ఉత్సవాల్లో పోటీలున్నాయి, బహుమతులున్నాయి. పథకాల ప్రచారానికి ప్రభుత్వాలే బృందాలను పెట్టుకుంటున్నాయి. తెలంగాణ ఏర్పడ్డాక సాంస్కృతిక సారథి పేరుతో వందల మంది కళాకారులకు జీతాలిచ్చారు. దశాబ్దాలు ఆకలితో పాడినవాళ్లకు నెల జీతం రావడం న్యాయమే, దాన్ని తప్పుపట్టను. కానీ జీతమిచ్చే చోట ప్రశ్న అడగడం కష్టమవుతుంది. చేతులు కడుక్కోండి అని చెప్పే నాటకం అవసరమే. నల్లాలో నీళ్లెందుకు రావడం లేదని అడిగే నాటకం ఇంకా అవసరం. మొదటిదానికి అనుమతి పది నిమిషాల్లో వస్తుంది. రెండోదానికి రాదు. హక్కుల నాటకం ఏదో, ప్రకటన ఏదో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఫోన్‌లో వీడియో పెడితే లక్షల మంది చూస్తారు కదా, కూడలిలో వంద మందికి ఆడటం ఎందుకు అని యువత అడుగుతోంది. ఫోన్‌లో చూసేవాడు ఒంటరిగా చూస్తాడు. కూడలిలో చూసేవాడికి పక్కన ఎవరు నవ్వారో, ఎవరు తలదించుకున్నారో కనిపిస్తుంది. నాటకం అయ్యాక నటులు దుప్పటి పరిచి చందా అడిగితే జేబులో చెయ్యి పెట్టే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ ఆలోచనతోనే సంఘం మొదలవుతుంది.

రాజేందర్ నగర్ గదుల్లో పాలిటీ పుస్తకంలో తలదూర్చిన మన పిల్లలకు ఒక మాట. ఒక సాయంత్రం షాదీపూర్‌లో దిగండి. రేపు మీలో కొందరు కలెక్టర్లు, ఎస్పీలు అవుతారు. కూడలిలో నాటకానికి అనుమతి ఇమ్మని ఎవరైనా కాగితం పట్టుకొస్తే, ఇవ్వాలో వద్దో తేల్చే సంతకం మీదే. ఇవ్వండి. మిగతా పాఠకులకు మనవి ఇంతే: ఏప్రిల్ 12న మీ ఊరి సెంటర్లో డప్పు వినిపిస్తే బండి ఆపి, చివరిదాకా నిలబడి చూడండి.